పాత ఆటకు కొత్త టికెట్



మాయాబజార్ 1957 లో వచ్చింది. 2010 లో దానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేసారు. రంగులు బాగున్నాయన్నారు కొందరు. ఆ నలుపు తెలుపు వెన్నెల ముందు ఇవేం రంగులన్నారు ఇంకొందరు. వాదన ఎంత జరిగినా ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ బెంగ లేదు. పాత మాయాబజార్ ఎక్కడికీ పోలేదు. మన ఇంట్లో ఉన్న డీవీడీ లోకి రాత్రికి రాత్రి ఎవరూ దూరి రంగులు పూయలేదు కదా!

వీడియో గేముల్లో ఆ భరోసా లేదు. ఈ వారం ముచ్చట అదే. "ఎప్పుడో కొన్న గేముకి మళ్ళీ డబ్బులడుగుతున్నారు" అని మీ ఇంట్లో పిల్లలు విసుక్కుంటే అది మారాం అనుకుని కొట్టి పారేయకండి. ఆ విసుగుకి ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందు "మాడ్" అనే మాట చెప్పుకోవాలి. మాడిఫికేషన్ కి పొట్టి రూపం. కంపెనీ తయారు చేసిన ఆటకి ఆడేవాళ్ళే కొత్త మ్యాపులో, కొత్త ఆయుధాలో, కొత్త కథో జోడించడం. 1993 లో వచ్చిన డూమ్ అనే గేములో ప్రోగ్రాము ఒకచోట, మ్యాపులు బొమ్మలు వేరే ఫైల్లో పెట్టారు. దాంతో ప్రోగ్రాముని ముట్టుకోకుండానే ఎవరైనా తమ మ్యాపు తాము గీసుకోవచ్చు. 1996 లో డ్యూక్ న్యూకెమ్ 3డి అయితే మ్యాపులు గీసే పనిముట్టుని కూడా ఆటతో పాటే ఇచ్చింది. కానీ ఒక షరతు పెట్టారు. మీరు చేసినవి ఉచితంగానే పంచుకోవాలి, అమ్మకూడదు.

మైక్రో స్టార్ అనే సంస్థ అలా ఆటగాళ్ళు పంచుకున్న మూడు వందల లెవెల్స్ ని ఏరి, ఒక సీడీలో నింపి, "న్యూక్ ఇట్" అని పేరు పెట్టి అమ్మేసింది. కేసు కోర్టుకెళ్ళింది. 1998 లో అమెరికాలోని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు మైక్రో స్టార్ కి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. డ్యూక్ కథకి కొనసాగింపులు చెప్పే హక్కు ఆట సొంతదారుదేనంది. న్యాయంగా చూస్తే సరైన తీర్పే. అయితే ఆ వాది ప్రతివాదుల్లో ఆ మూడు వందల లెవెల్స్ రాత్రిళ్ళు కూర్చుని కట్టినవాళ్ళు లేరు. నాకు ఈ కథంతటిలో మొదటి ముడి అక్కడే కనిపిస్తుంది.

తర్వాత కంపెనీలకి మాడ్ల విలువ తెలిసొచ్చింది. హాఫ్ లైఫ్ కి మాడ్ గా 1999 లో పుట్టిన కౌంటర్ స్ట్రైక్ ని వాల్వ్ సంస్థ 2000 లో తన సరుకుగా అమ్మింది. చేసినవాళ్ళకి ఉద్యోగాలిచ్చింది కాబట్టి పెద్దగా ఎవరూ నొచ్చుకోలేదు. మన హైదరాబాదు, విజయవాడ ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడిన ఆట అదే. మనవాళ్ళకి బాగా తెలిసిన మరో ఉదాహరణ క్రికెట్ 07. 2006 చివర్లో వచ్చిన ఆ గేము తర్వాత ఈఏ స్పోర్ట్స్ కంప్యూటరు మీద ఆడే క్రికెట్ గేము మళ్ళీ విడుదల చెయ్యలేదు. 2008 లో ఐపీఎల్ మొదలైతే ఆ జట్లని, జెర్సీలని, స్టేడియాలని అభిమానులే తయారు చేసి ప్యాచ్ ల రూపంలో ఊరికే పంచారు. డెక్కన్ ఛార్జర్స్ ఆ ఆటలోకి వచ్చింది అలాగే.

ఇక 2015 కి వద్దాం. బెథెస్డా సంస్థ 2011 లో విడుదల చేసిన స్కైరిమ్ కి అప్పటికే వేల మాడ్లున్నాయి. కంపెనీ వదిలేసిన తప్పుల్ని సరిదిద్దే ప్యాచ్ కూడా అభిమానులు చేసిందే. ఏప్రిల్ 23 న వాల్వ్ వారి స్టీమ్ దుకాణంలో స్కైరిమ్ మాడ్లని డబ్బుకి అమ్ముకోవచ్చన్నారు. వచ్చిన దాంట్లో వాల్వ్ కి 30 శాతం, బెథెస్డాకి 45 శాతం, కష్టపడి చేసినవాడికి 25 శాతం! మన ఊళ్ళో కౌలు లెక్కలు ఇంతకంటే నయం. మొదటి రోజుల్లోనే చేపలు పట్టే మాడ్ ఒకటి అమ్మకం నుంచి తీసెయ్యాల్సి వచ్చింది, ఎందుకంటే అందులో వేరొకరు ఉచితంగా ఇచ్చిన పని కలిసి ఉంది. అప్పటిదాకా ఒకరి దాంట్లోంచి ఒకరు తీసుకుంటూ, పేరు చెప్పుకుంటూ సాగిన చోట "ఇది నాది, అది నీది" అనే గీతలు పడ్డాయి. లక్షకు పైగా సంతకాలతో వినతిపత్రం వచ్చింది. ఏప్రిల్ 27 న, అంటే నాలుగు రోజులకే, పథకం ఎత్తేసారు, డబ్బులు వాపసు ఇచ్చేసారు.

నా మటుకు నాకు ఆ గొడవలో ఆటగాళ్ళ వైపు పూర్తి న్యాయం ఉందనిపించదు. ఏడాది పాటు శ్రమపడ్డ మాడ్ రచయిత ఐదు డాలర్లు అడిగితే తప్పేముంది? కొందరు వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టారు, అది అన్యాయం. పంపకం మీదా, పద్ధతి మీదా వచ్చిన కోపం మాత్రం సబబే.

దానికంటే లోతైన దెబ్బ 2020 లో తగిలింది. బ్లిజార్డ్ సంస్థ 2002 నాటి వార్ క్రాఫ్ట్ 3 తో పాటు మ్యాపులు చేసుకునే ఎడిటర్ ని ఇచ్చింది. అందులోంచే ఆటగాళ్ళ చేతుల్లో డోటా పుట్టింది. దాని వారసత్వంతో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2 వేరే కంపెనీల చేతికి వెళ్ళాయి. బ్లిజార్డ్ ఈ పాఠం మర్చిపోలేదు. 2020 జనవరి 28 న "రీఫోర్జ్డ్" అనే కొత్త కూర్పు తెచ్చినప్పుడు, ఇకమీదట ఇందులో ఎవరు ఏ మ్యాపు తయారు చేసినా అది మాదేనని ఒప్పందంలో రాసింది. అది చాలదన్నట్టు, కొత్తది కొననివాళ్ళు ఇంటర్నెట్ లో ఆడుకునే పాత ఆట కూడా ఆ కొత్త ప్రోగ్రాములోకే మారింది. క్లాన్లు, ర్యాంకుల పట్టిక లాంటివి మొదట్లో మాయమయ్యాయి. అంటే పైసా ఖర్చు పెట్టనివాడి డీవీడీకి కూడా రంగులు పూసారన్నమాట. అడిగినవాళ్ళకి డబ్బు వాపసు ఇచ్చారు గానీ, పాతది కొన్నవాళ్ళకి వాపసు ఇచ్చేదేముంది?

2021 లో రాక్ స్టార్ కూడా మూడు పాత జీటీఏ గేముల్ని కలిపి అరవై డాలర్లకి అమ్ముతూ, పాత కూర్పుల్ని ముందే దుకాణాల్లోంచి తీసేసింది. కొత్తది తప్పులతడక. క్షమాపణ చెప్పి పాతవి మళ్ళీ అమ్మకానికి పెట్టింది.

అదే నవంబరు 11 న స్కైరిమ్ పదేళ్ళ పండగ కూర్పు వచ్చింది. 2016 నాటి స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్ళు ఇరవై డాలర్లు కట్టి అందులోకి మారొచ్చు. కానీ కట్టనివాళ్ళకి కూడా కొత్త ప్రోగ్రాము దిగింది. మా వృత్తి భాషలో చెప్పాలంటే, కంపైలర్ మారితే ప్రోగ్రాములోని చిరునామాలన్నీ కదిలిపోతాయి. ఊళ్ళో ఇంటి నంబర్లన్నీ ఒక్క రాత్రిలో మార్చేస్తే పోస్ట్ మాన్ పరిస్థితి ఏమిటి? ఆ చిరునామాల మీద ఆధారపడ్డ మాడ్లన్నీ ఆగిపోయాయి. జీతం లేని మనుషులు మళ్ళీ కూర్చుని సరిచేసుకున్నారు. అన్నట్టు, 2015 లో గొడవకి కారణమైన చేపల వేట, ఈసారి కంపెనీ సొంత సరుకుగా స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్ళందరికీ ఉచితంగా వచ్చింది!

2024 లో అదే కంపెనీ వారి ఫాల్ అవుట్ 4 కి ఇదే జరిగింది. లండన్ నగరం నేపథ్యంగా అభిమానులు కొన్నేళ్ళు శ్రమించి చేసిన ఫాల్ అవుట్ లండన్ అనే పెద్ద మాడ్ ఆ ఏప్రిల్ లో రావాలి. అదే వారంలో కంపెనీ అప్ డేట్ ప్రకటించడంతో వాయిదా పడింది. చివరికి జూలై 25 న, పూర్తి ఉచితంగా విడుదలైంది. దాన్ని ఆడాలంటే మాత్రం ముందు కంపెనీ ఇచ్చిన కొత్త అప్ డేట్ ని తీసేసి, మీ ఆటని పాత కూర్పుకి వెనక్కి తీసుకెళ్ళాలి. ఆ పనికి కావలసిన సాధనం కూడా అభిమానులే తయారు చేసిచ్చారు.