కార్పొరేట్ పాలన, సుస్థిర ఫైనాన్స్ (పీజీ అధ్యయనం)

కంపెనీ యాజమాన్యం వాటాదారులకు, సమాజానికి, పర్యావరణానికి జవాబుదారీగా నడవాల్సిన తీరును ఎం.కాం., ఎం.బి.ఎ. స్థాయిలో పరిశీలించే పాఠ్యాంశం. ఈ రంగంలో, హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ 1964 నుంచి ప్రభుత్వరంగ సంస్థల నిర్వహణపై పరిశోధన సాగిస్తోంది.

ఈ అధ్యయనానికి అతి ముఖ్యమైన ఉదాహరణ కూడా హైదరాబాద్‌దే: ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్ సర్వీసెస్. 2008 డిసెంబరు 16న స్వతంత్ర డైరెక్టర్లున్న బోర్డే ఛైర్మన్ బి.రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఆమోదం తెలిపింది. మదుపరుల నిరసనతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లలో రూ.5,040 కోట్లు లేనివేనని ఛైర్మన్ లేఖ రాశారు. ఈ కుంభకోణం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చడం తప్పనిసరి చేసింది.

సుస్థిర ఫైనాన్స్‌లో హరిత బాండ్లు, వ్యాపార బాధ్యత-సుస్థిరత నివేదికలు (బీఆర్ఎస్ఆర్) ప్రధానాంశాలు. మార్కెట్ విలువలో తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఈ బీఆర్ఎస్ఆర్ నివేదికను తప్పనిసరి చేసింది.