ఊరి దాకా, ఇంటి దాకా: గ్రామీణ ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ విస్తరణ వేగం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గ్రామాలకు ఆప్టికల్ ఫైబర్ చేర్చే జాతీయ పథకానికి 2011లో ఆమోదం లభించింది. రెండేళ్లలో ముగియవలసిన పని దశాబ్దం దాటినా పల్లె ఇళ్లకు చేరడం పూర్తికాలేదు. ఈ జాప్యానికి నిధులు, అనుమతులు, నిర్వహణ లోపాలు కారణాలుగా చెప్పడం పరిపాటి. అవి వాస్తవాలే. అయితే 'చేరిక' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం కూడా వేగాన్ని శాసించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నిజామాబాద్ జిల్లా మెండోర ప్రాంతపు సాగునీటి అనుభవాన్ని, గ్రామీణ టెలిఫోను, విద్యుదీకరణల చరిత్రను తులనాత్మక ఆధారాలుగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: మెండోర, శ్రీరాంసాగర్, గ్రామీణ విద్యుదీకరణ, భారత్‌నెట్, టి-ఫైబర్.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మెండోర ప్రత్యేక మండలమైంది. అంతకుముందు అది బాల్కొండ మండలంలోని గ్రామం. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వెలసిన పోచంపాడు ఈ ప్రాంతంలోనిదే. ఇక్కడి పల్లెల్లో పసుపు ముఖ్యమైన పంట. గల్ఫ్ దేశాలకు వలస పాత అనుభవం. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌లో తొలుత చేరిన 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. పంట ధర, వలస వెళ్లిన మనిషి మాట, పిల్లల పాఠం – మూడూ తెర మీదికి చేరిన కాలంలో ఇంటికి వచ్చే ఇంటర్నెట్‌ను విలాసంగా భావించడానికి వీలులేదు. కాబట్టి అది ఎంత వేగంగా వచ్చిందన్నది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న.

2. ప్రధాన కాలువ, పిల్లకాలువ

పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇక్కడి నుంచి బయలుదేరే కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. ఆనకట్టనూ ప్రధాన కాలువనూ నిర్మించడం ఒక పని; తూము నుంచి ప్రతి రైతు మడికీ నీరు పారించడం మరొక పని. దేశవ్యాప్తంగా ఈ రెండింటి మధ్య అంతరం పెరిగినందువల్లనే 1974-75లో కేంద్రం ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమాన్ని ప్రారంభించింది. కల్పించిన సాగు సామర్థ్యం వేరు, నిజంగా తడిసిన భూమి వేరు అని ప్రభుత్వమే అంగీకరించిన సందర్భమది. చివరి ఆయకట్టు రైతుకు కాలువ 'వచ్చింది' అన్న మాటకు అర్థం తన మడి తడిసిన రోజునే ఏర్పడుతుంది. ఫైబర్ చరిత్రను చదవడానికి ఈ భేదం ఉపయోగపడుతుంది.

3. టెలిఫోను, విద్యుత్తు: మారిన నిర్వచనాలు

1994 జాతీయ టెలికాం విధానం 1997 నాటికి అన్ని గ్రామాలకూ టెలిఫోను చేర్చాలని సంకల్పించింది. అది నెరవేరక, 1999 విధానం గడువును 2002కు మార్చింది. రెండు సందర్భాల్లోనూ లెక్క గ్రామానిదే. ఊరికి ఒక ప్రజా టెలిఫోను ఉంటే ఆ ఊరు లెక్కలో చేరినట్టే.

విద్యుదీకరణలో నిర్వచన చరిత్ర మరింత స్పష్టం. 1997కు పూర్వం గ్రామ రెవెన్యూ పరిధిలో ఏ అవసరానికి విద్యుత్తు వాడినా ఆ గ్రామం విద్యుదీకరణ పొందినట్టే. ఒక్క మోటారు తిరిగినా చాలు. 1997లో నివాస ప్రాంతంలో విద్యుత్తు ఉండాలన్న నియమం వచ్చింది. 2004లో పాఠశాల, పంచాయతీ వంటి బహిరంగ స్థలాలతోపాటు కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలన్నారు. 2018 ఏప్రిల్ 28న దేశంలోని గ్రామాలన్నీ విద్యుదీకరణ పొందాయన్న ప్రకటన ఈ నిర్వచనం ప్రకారమే వెలువడింది. ఇళ్లను లెక్కించే 'సౌభాగ్య' పథకం 2017 సెప్టెంబరులోనే మొదలు కావడం గమనార్హం. గ్రామం వెలిగినా ఇల్లు చీకటిగా ఉండవచ్చునని ఆ పథకం ఉనికే చెబుతున్నది.

4. పంచాయతీ గడప వద్ద ఆగిన ఫైబర్

జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరు 25న ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం సుమారు 20,000 కోట్ల రూపాయలు. లక్ష్యం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న మూడు బ్లాకుల్లో విశాఖపట్నం జిల్లా పరవాడ ఒకటి. తక్కినవి రాజస్థాన్‌లోని అరాయిఁ, త్రిపురలోని పానీసాగర్. బ్లాకు కేంద్రం వరకు అప్పటికే ఉన్న ఫైబర్‌ను వాడుకొని, అక్కడి నుంచి పంచాయతీ కార్యాలయం వరకు కొత్త తీగ వేయడం పథకరచన. పంచాయతీ నుంచి ఇంటికి తీసుకుపోయే పని సేవాసంస్థలకు విడిచిపెట్టారు. అంటే పిల్లకాలువ పథకంలో అంతర్భాగం కాలేదు.

జె. సత్యనారాయణ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2015 మార్చిలో నివేదిక సమర్పించి, రాష్ట్రాలకు నిర్మాణ బాధ్యత అప్పగించే మార్గాన్ని సూచించింది. అదే ఏడు పథకం భారత్‌నెట్‌గా రూపాంతరం చెందింది. 2017 డిసెంబరు నాటికి తొలి దశలో లక్ష పంచాయతీలు పూర్తయ్యాయి. అయితే తీగ ఒకే వరుసలో సాగడం వల్ల, రోడ్డు తవ్వకంలో ఒకచోట తెగితే ఆపై ఊళ్లన్నింటికీ సేవ నిలిచిపోయే అవకాశం ఉండేది.

2025 తొలి నెలల నాటికి దేశంలో 2.14 లక్షలకు పైగా పంచాయతీలు 'సేవకు సిద్ధం'గా నమోదయ్యాయి. ఈ పథకం కింద ఇచ్చిన ఫైబర్ కనెక్షన్లు సుమారు 12 లక్షలు. సగటున పంచాయతీకి ఆరు కనెక్షన్లు కూడా లేవు. మొదటి సంఖ్య వేగాన్ని చూపుతుంది, రెండవది మందగమనాన్ని. రెండూ ఒకే పథకానివి.

5. రెండు రాష్ట్రాలు, రెండు మార్గాలు

ఆంధ్రప్రదేశ్ 2015లో ఫైబర్ సంస్థను స్థాపించి, విద్యుత్ స్తంభాల మీదుగా తీగలు లాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ వ్యవస్థను ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇచ్చారు. ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లే ఇంటి దాకా తీగను తీసుకువెళ్లారు. స్తంభాల మీది తీగకు గాలివాన భయం తప్పదు; కానీ పని త్వరగా సాగింది.

తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్‌కు గొట్టం వేసే మార్గాన్ని ఎంచుకుంది. రెండుసార్లు తవ్వే ఖర్చు తప్పించే ఆలోచన ఇది. దీనితో ఫైబర్ వేగం నీటి పథకం వేగానికి ముడిపడింది. గొట్టం వేయడంతోనే కనెక్షన్ రాదు. అందులోకి తీగ పంపాలి, పరికరాలు అమర్చాలి, మరమ్మతు చేసే మనిషి ఉండాలి. పైగా 2018 పంచాయతీరాజ్ చట్టం తండాలను, శివారు పల్లెలను పంచాయతీలుగా మార్చడంతో రాష్ట్రంలో వాటి సంఖ్య దాదాపు 8,700 నుంచి 12,700 దాటింది. లెక్కకు ప్రమాణమైన పంచాయతీయే నడుమ మారిపోయింది. ఎంపిక చేసిన కొన్ని గ్రామాల్లో ఇళ్లకు టి-ఫైబర్ సేవలు 2024 డిసెంబరు 8న ప్రారంభమయ్యాయి.

ఈ మధ్యకాలంలో ఖాళీని మొబైల్ డేటా పూరించింది. అయినా 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడిపాఠాలు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా మొదలైనప్పుడు పల్లె ఇంటికి ఆధారమైంది టీవీయే. ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ పంచుకునే చోట, ఆ ఫోను తండ్రితో పొలానికి పోతే పిల్లల పాఠం కూడా వెళ్లిపోతుంది. ఇంటికి వచ్చే తీగకూ, మనిషి జేబులోని సంకేతానికీ తేడా ఇదే.

6. ముగింపు

2023 ఆగస్టులో ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్ 1.39 లక్షల కోట్ల రూపాయల వ్యయంతో, తెగినా మరో దారిన సేవ అందే వలయాకార నిర్మాణాన్ని, 1.5 కోట్ల గ్రామీణ గృహ కనెక్షన్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఇల్లు లక్ష్యాల్లోకి రావడం ముఖ్యమైన మలుపు. విద్యుత్తులో 'సౌభాగ్య', సాగునీటిలో ఆయకట్టు అభివృద్ధి తెచ్చిన మలుపు వంటిదే ఇదీ. మూడు రంగాల్లోనూ ముందు ఊరిని లెక్కించి, చాలాకాలానికి ఇంటిని, మడిని లెక్కించడం మొదలైంది.

'సేవకు సిద్ధం' అన్న మాటను సేవగా చదివితే చరిత్ర తప్పుతుంది. ప్రభుత్వ పత్రాల్లోని నిర్వచనాలను కూడా చారిత్రక ఆధారాలుగా పరిశీలించాలి. మండలాలవారీగా పనిచేస్తున్న గృహ కనెక్షన్ల సంఖ్య ఏటా వెలువడితే మెండోర వంటి చోట్ల వేగాన్ని నిర్ధారించడం సాధ్యమవుతుంది. కాలువ పొడవు తెలిసినంత మాత్రాన తడిసిన మడుల లెక్క తెలియదు.