ఆన్‌లైన్ సేవలు: వర్తించు చట్టము, వివాద పరిష్కారము

అంతర్జాలము ద్వారా సేవ నందించు సంస్థకును, దానిని వాడుకొను వారికిని నడుమ తగవు పుట్టినచో, ఏ శాసనము ననుసరించి, ఏ యూరి న్యాయస్థానమున, లేక ఏ మధ్యవర్తి యెదుట దానిని తీర్చుకొనవలెనో ముందుగనే నిర్ణయించు ఒడంబడికాంశములకు ‘వర్తించు చట్టము’, ‘వివాద పరిష్కారము’ అని వ్యవహారము. నియమావళి తుదను సన్నని యక్షరములలో నుండు ఈ వాక్యములను చదువువారు అరుదు. కాని తగవు వచ్చిననాడు దారిఖర్చు లెవరిపై బడునో తేల్చునవి ఇవియే.

చీరాల యుదాహరణము

చీరాల, పేరాలల బట్టకు దూరపు బేరము తరతరములుగా నెఱిగినదే. 1611లో ‘గ్లోబ్’ నౌకపై వచ్చిన ఆంగ్లవర్తకులు రేపల్లె సమీపమునందలి నిజాంపట్నము రేవున దిగినది ఈ తీరపు వస్త్రముల నాశించియే. చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశముల యాదరణము నందెను. నేడు గుంటమగ్గముపై కుప్పడము చీర నేసిన నేతగాడు, మడత విప్పి, అంచును కొంగును కనబడునట్లు ఫోనులో ఫొటో తీసి, ‘అంగీకరించుచున్నాను’ అను గడిని వ్రేలితో నొక్కి, దానిని అమ్మకమునకు బెట్టుచున్నాడు. ఆ నొక్కుతోడనే, వివాదములన్నియు ఫలానా మహానగరపు కోర్టులకే లోబడునను షరతునకు ఆతడు తల యూచినట్లగును. రెండువేల రూపాయల బాకీకై ఢిల్లీకి రైలెక్కవలసివచ్చినవాడు బాకీనే వదలుకొనును.

ఒప్పందపు బలము, హద్దులు

ఎలక్ట్రానిక్ రూపమున నున్నంతమాత్రాన ఒప్పందము చెల్లకపోదని సమాచార సాంకేతిక చట్టము (2000) లోని 10-ఎ సెక్షను చెప్పుచున్నది. అయినను, న్యాయస్థానమునకు బోవు హక్కును నిశ్శేషముగా హరించు షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 28వ సెక్షను ప్రకారము చెల్లదు. అధికారముగల కోర్టులలో నొకదానిని ఉభయులు ఎన్నుకొనవచ్చునుగాని, అధికారమే లేని కోర్టునకు ఒప్పందముచే దానిని కల్పింపజాలరని సుప్రీంకోర్టు 1971లో హకంసింగ్ కేసునందు తీర్పు చెప్పెను.

కొనుగోలుదారునకు రక్షణ

2020 జూలై 20న అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము (2019) వలన, ఫిర్యాదుదారు తాను నివసించు, లేక పనిచేయు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ విచారించును, 5 లక్షల వరకు రుసుము లేదు, ఫిర్యాదుకు గడువు రెండేండ్లు. 2020 నాటి ఈ-కామర్స్ నియమముల ప్రకారము సంస్థయొక్క ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. మధ్యవర్తిత్వపు షరతు ఈ మార్గమున కడ్డురాదు: నాసిరకపు విత్తనములచే నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసునందు, జాతీయ విత్తన సంస్థ వాదమును త్రోసిపుచ్చుచు 2012లో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్థిరపరచెను.

విక్రేత స్థితి

వాణిజ్యార్థము సేవ పొందువాడు ఈ చట్టమున వినియోగదారుడు కాడు. స్వయముపాధితో కేవలము పొట్టపోసికొనుటకే కొని వాడుకొను సరకులకు మినహాయింపు గలదు; కాని ఆ మినహాయింపులో సేవల ప్రస్తావన లేదు గనుక, ఒంటరి నేతగానికిని ఆ యాధారము గట్టిది కాదు. సరకును సంస్థయే నేరుగా కొనినచో, సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైన విక్రేతకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము వేఱొక యండ. ఒప్పుకొన్న గడువు ఎంతయైనను 45 దినములు మించక సొమ్ము చెల్లింపవలెను. చెల్లింపనిచో, కొనినవాడు దేశమున నెచ్చటనున్నను, ఆ చట్టము క్రింద ఏర్పడిన, విక్రేత యున్నచోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారించును. సంస్థ కేవలము మధ్యనుండి బేరము కుదుర్చునదైనప్పుడు మాత్రము ఈ యండ సాధారణముగా లభింపదు. షరతులోని దూరనగరమే మిగులును.

కావున చీర కొన్న యిల్లాలికి తన జిల్లాలోనే దొరకు న్యాయము, దానిని నేసినవానికి ఎల్లప్పుడును దొరకుట లేదు. ఈ లోటు తీరువరకు నేతగాడు గడి నొక్కుటకు ముందు కోర్టు పేరున్న వాక్యమును చదివించుకొని, ఒప్పందపు ప్రతిని, బిల్లులను, పార్సిలు రసీదులను భద్రపరచుకొనుట ఆవశ్యకము.