ఎవరి భద్రత? దళితుల విదేశాంగ చరిత్ర

అంతర్జాతీయ సంబంధాలు, భద్రత అనగానే అది ఢిల్లీలో ఇంగ్లీషు వచ్చినోళ్ళు చదివే చదువని మన దగ్గర ఒక అభిప్రాయం పాతుకుపోయింది. సరిహద్దులు, సైన్యాలు, ఒప్పందాలు ఆ చదువుకి విషయాలు. వాడ దానికి విషయం కాదు. ఈ విభజన సహజమైంది కాదనీ, దళితులు విదేశాంగ విధానం గురించి ఎప్పట్నించో మాట్లాడుతున్నారనీ, ఆ చరిత్రని పాఠంగా చెప్పాల్సిన చోటు మన దగ్గరే ఉందనీ మేము అంటున్నాం.

ఆ చోటు హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో ఈ తరహాలో ఇదే మొదటిది. ఇంటర్ లేనివాళ్ళకి కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది, పాఠాలు తెలుగులో ఇచ్చింది. కూలికి పోయేవాళ్ళకీ, పెళ్ళయి చదువాగిపోయిన ఆడవాళ్ళకీ రాజనీతిశాస్త్రం అట్లా అందింది. చుట్టూ సినిమావాళ్ళ బంగళాలు. పక్కనే ఫిల్మ్‌నగర్‌లో స్టూడియోలు, బస్తీలు. ఈ ప్రాంతంలో 'సెక్యూరిటీ' అంటే గేటు దగ్గర యూనిఫాంలో నిలబడ్డ మనిషి. అతను కాపలా కాసేది బంగళాని. అతనికి జబ్బు చేసినా, అతని గుడిసె కూలగొట్టినా ఆ మాట వర్తించదు.

పుస్తకాల్లోని రాజ్యభద్రతదీ ఇదే అమరిక. అది ఊళ్ళో ఎట్లా పనిచేస్తుందో అప్పటి గుంటూరు జిల్లా చుండూరు చూపించింది. 1991 ఆగస్టు 6న పోలీసులు ఊళ్ళో ఉండగానే 8 మంది దళితుల్ని చంపారు. అదే ఏడాది అక్టోబరులో ఈ విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. 2014లో హైకోర్టు చుండూరు నిందితులందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. పేరు ఇవ్వటం తేలిక, ప్రాణానికి పూచీ ఇవ్వటం వేరు.

భద్రత సరిహద్దుది మాత్రమే కాదనీ, మనిషి తిండికీ ఆరోగ్యానికీ ప్రాణానికీ సంబంధించిందనీ 1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నివేదిక చెప్పింది. అప్పట్నించి 'మానవ భద్రత' పాఠ్యాంశమైంది. కానీ 1951 అక్టోబరు 10న, మంత్రిపదవికి రాజీనామా చేసిన కారణాలు వివరిస్తూ అంబేద్కర్ ఇచ్చిన ప్రకటన చూడండి. అందరూ హిందూకోడ్ బిల్లునే గుర్తుపెట్టుకున్నారు. అదే ప్రకటనలో షెడ్యూల్డు కులాలపట్ల నిర్లక్ష్యం గురించీ ఉంది, విదేశాంగ విధానం గురించీ ఉంది. ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయనీ, మనకి మిత్రుల్ని మిగల్చని విదేశాంగ విధానమే దానికి మూలమనీ ఆయన లెక్కగట్టారు. సైన్యానికి పోయే రూపాయి వాడ బడికి రాదు. 1954 ఆగస్టులో రాజ్యసభలో పంచశీలనీ, టిబెట్‌పై ప్రభుత్వ వైఖరినీ నిలదీశారు.

హైదరాబాదుకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో అది చర్చకొచ్చింది. మర్నాడే నిజాం లొంగుబాటు ప్రకటించాడు. హైదరాబాదు ప్రతినిధి బృందంలో నిమ్నజాతుల నాయకుడు బి. శ్యాంసుందర్ ఉన్నారు. అంబేద్కర్ మాత్రం 1947 నవంబరులోనే నిజాం పక్షం చేరొద్దని షెడ్యూల్డు కులాలవాళ్ళని హెచ్చరించారు. సార్వభౌమత్వం ప్రశ్నమీద ఇద్దరు దళిత నాయకులు ఎదురెదురుగా నిలిచారు. శ్యాంసుందర్‌ని నిజాం మనిషని తీసిపారెయ్యటం చరిత్ర కాదు. భారత యూనియన్‌లో తనవాళ్ళకి ఏ పూచీ దొరకదని ఆయన అనుకున్నారు? 1968లో భీమసేన పెట్టింది కూడా ఆయనే. ఇది పరిశోధించాల్సిన ప్రశ్న.

2001లో డర్బన్ జాతివివక్ష వ్యతిరేక మహాసభలో దళిత సంఘాలు కులాన్ని ప్రపంచం ముందు పెట్టాయి. కులం జాతి కాదంటూ భారత ప్రభుత్వం అడ్డుపడింది. మరుసటేడు ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకని బట్టి చూపే వివక్షలో కులం కూడా వస్తుందని తేల్చింది. సార్వభౌమత్వం ఎవరికి కవచమో, ఎవరికి గోడో దీంట్లో తేలిపోతుంది.

కాబట్టి మా ప్రతిపాదన సూటిగా ఇది. భద్రతా మండలి గురించి చెప్పే పాఠంలో శ్యాంసుందర్ ఉండాలి. రక్షణ బడ్జెట్ పాఠంలో 1951 ప్రకటన ఉండాలి. భద్రత నిర్వచనం దగ్గర చుండూరు ఉండాలి. ఇవన్నీ తెలుగులో ఉండాలి. అంబేద్కర్ పేరున్న విశ్వవిద్యాలయం ఈ పని చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు? అక్కడ చదివే మన పిల్లలు ఆ పాఠాలు అడిగి రాయించుకోవాలి.