కడుపున పడని బిడ్డ

పారిస్. 1906 మే 25. ఆరో పెళ్లిరోజు.

మొగుడు పక్కన లేడు. ఫిబ్రవరిలోనే పౌలా అతణ్ని వదిలేసి వచ్చేసింది. అద్దెగది. రంగుల వాసన. ఎదురుగా అట్ట, దాని మీద తనే. నడుం పైన నూలుపోగు లేదు. తుంటికి తెల్లగుడ్డ, మెడలో అంబర్ పూసలు. ఒక చెయ్యి పొట్ట పైన, ఇంకో చెయ్యి పొట్ట కింద. నెలలు నిండుతున్న ఆడది పొట్ట పట్టుకునే తీరు. పొట్ట కూడా ముందుకొచ్చింది.

కానీ ఆమె గర్భవతి కాదు.

చర్చిల్లో తల్లి అంటే నీలిబట్ట, తల చుట్టూ వెలుగు. పౌలాకి అవేవీ అక్కర్లేదు. ఆ ఏడాదే ఒక బాలింతని గీసింది. నగ్నంగా, పక్కకి తిరిగి పడుకుంది. బిడ్డ ఆమె ఒంటికి ముడుచుకుపోయాడు. అంతే. కొనేవాళ్లు మాత్రం లేరు. బతికుండగా అమ్ముడైన బొమ్మలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

అట్ట మూల రాసింది: ముప్పయ్యో ఏట, ఆరో పెళ్లిరోజున వేశానని. కింద సంతకం. పి.బి. పౌలా బెకర్. మోడర్‌సోన్ అన్న మొగుడి ఇంటిపేరు ఎగిరిపోయింది.

అక్టోబరులో ఆ మొగుడే తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఒట్టో కూడా చిత్రకారుడే. చలికాలమంతా పారిస్‌లోనే ఉన్నాడు. 1907 వసంతంలో ఇద్దరూ ఉత్తర జర్మనీలోని వోర్ప్స్వేడె పల్లెకి తిరిగెళ్లారు. ఈసారి పొట్ట బొమ్మలోది కాదు.

నవంబరు 2. కష్టమైన కాన్పు. ఆడపిల్ల, మథిల్డె. మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఆ రోజుల్లో బాలింతని కదలనివ్వకపోవడమే వైద్యం. కదలని ఒంట్లో నెత్తురు గడ్డకడుతుందన్న బెంగ ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నవంబరు 20. లేవచ్చన్నారు.

మంచం కాళ్లవైపు అద్దం పెట్టించుకుని, జుట్టు దువ్వి, జడలల్లి, వాటిని తల చుట్టూ కిరీటంలా చుట్టి, ఎవరో పంపిన గులాబీలు గౌనుకి గుచ్చుకుని, పట్టుకోబోయిన మొగుణ్నీ తోడబుట్టినవాణ్నీ వెనకే వదిలేసి, దీపాలు వెలిగించిన పక్కగదిలోకి తనే ముందు నడిచింది. కుర్చీలో కూచుంది. పాపని తెమ్మంది. ఒళ్లో పెట్టారు.

కాలు కాస్త ఎత్తి పెట్టుకోవాలనిపించింది. సాయానికి అందరూ పరిగెత్తారు.

పోతూ ఒక్క మాటే అంది. షాడె. మనం ‘ప్చ్’ అంటామే, అదీ.

వయసు 31.