మార్కండ గుళ్లు, బెగ్లర్ ఛాయాచిత్రాలు

ఈజిప్టు శిథిలాలను తొలిరోజుల్లో కెమెరాకెక్కించిన యాత్రికులలో ఫ్రెంచివాడు మాక్సిమ్ ద్యూ కాం ఒకడు. 1849లో బయలుదేరి, నైలు వెంట తిరిగి, ఆలయాల పరిమాణం తెలియడానికి హాజీ ఇస్మాయిల్ అనే పడవవాణ్ణి రాళ్ల మధ్య నిలబెట్టేవాడు. ఆ చిత్రాల పుస్తకం 1852లో వెలువడింది.

మన ప్రాణహిత సీమ వైపు అటువంటి పనికి పూనుకొన్నది ప్రభుత్వ పురావస్తు శాఖ. కన్నింగ్‌హాం సహాయకుడు జె.డి. బెగ్లర్ 1873-74 పర్యటనలో వైన్‌గంగ ఒడ్డున ఉన్న మార్కండ గుళ్లను ఛాయాచిత్రాలు తీశాడు. ఆనాటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు పూత పూసి, వెండి ద్రావకంలో ముంచి, ఆరకముందే చిత్రం తీసి కడగాలి. ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం, శుభ్రమైన నీరు ఉండితీరాలి. మార్కండలో నది గుడి పక్కనే ఉంది గదా! పిడుగుపాటుకు దెబ్బతిన్న ప్రధానాలయం తరువాతి మరమ్మతులకు ముందు ఎట్లా ఉండేదో చెప్పడానికి ఆ పలకలే సాక్ష్యం. శాసనం ఎంతో ఇదీ అంతే అని మేము భావిస్తాము.

వైన్‌గంగ వార్ధాతో కలిసి ప్రాణహితయై, సిరొంచ దగ్గర, కాళేశ్వరం ఎదుట గోదావరిలో కలుస్తుంది. గడ్చిరోలి జిల్లా ఏర్పడింది 1982లో. కనుక పాత పట్టికలలో ఆ జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు. మార్కండ 'చాందా' కింద ఉంటుంది. సిరొంచ 1874 వరకు అప్పర్ గోదావరి జిల్లా కేంద్రం; ఆ పేరు కింద కూడా చూడాలి.