అయ్యవారి దసరా మామూలు

తెలుగు పల్లెల్లో బడిపంతులును ఊరంతా గౌరవించే పండుగ ఒకప్పుడు దసరా. వీధిబడి అయ్యవారికి సర్కారు జీతం ఉండేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి అందే కొద్దిపాటి రుసుము, గింజలే ఆధారం. నవరాత్రుల్లో పిల్లలు రంగుకాగితాల విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఆయన వెంట గడపగడపకూ తిరిగేవారు. గృహస్థులు ఆయనకు మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. పిల్లల నోట పద్యం తప్పులేకుండా పలికితే పంతులు పనితనం ఊరికి తెలిసినట్లే. ఇంతకన్నా నిజమైన సన్మానం అరుదు.

సర్కారు బడులు విస్తరించాక ఆ ఊరేగింపు సన్నగిల్లింది. 1958లో జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు మొదలయ్యాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 5, గురుపూజోత్సవమైంది. ఎన్టీఆర్ జిల్లాలోని విస్సన్నపేట వంటి ఊళ్లకూ ఇప్పుడు గురువుల పండుగ ఆ రోజే.